బెల్లంలో గోలీలు

ఎనిమిది దాటేవరకు గుర్రాన్ని ముట్టుకోకూడదని డాక్టరమ్మ హుకుం. దాణా పెట్టకూడదు, ఒళ్ళు రుద్దకూడదు, తాడు విప్పకూడదు, కనీసం తిట్టనైనా కూడదు. ఇరవై రెండేళ్ళుగా గుర్రాన్ని తిట్టి గాని టీ తాగని మనిషికి ఇది చిన్న శిక్ష కాదు. సిద్ధగోరా చివర, భుయ్యాడీ వైపు పోయే దారిలో ఉన్న రేకుల షెడ్డు బయట బకెట్టు బోర్లించుకుని దాని మీద కూర్చున్నాడు ముసలయ్య. లోపల బిజ్లీ ముందుకాళ్ళు చాపి, బరువంతా వెనక్కి వేసి, గోడకి చేరబడ్డ తాగుబోతులా నిలబడి ఉంది. ఆ నిలబడే తీరు అతనికి బాగా తెలుసు. తను కూడా మెట్లు దిగేటప్పుడు అలాగే వెనక్కి వాలి దిగుతాడు.

అతనికి నిజానికి ముసలితనం రాలేదు. యాభై ఎనిమిదే. పుట్టగానే తాత పేరు పెట్టారు, ఆ పేరు ఊరికే పోకూడదన్నట్టు మోకాళ్ళు మాత్రం నలభైకే ముసలివైపోయాయి. నరసన్నపేట దగ్గర్నుంచి తండ్రి పనికోసం టాటానగర్ వచ్చాడు, కొడుకు అక్కడే పుట్టి అక్కడే ఖలాసీ అయ్యాడు. పద్నాలుగేళ్ళు ఉక్కు కార్ఖానాలో కాంట్రాక్టు మీద గొలుసులు లాగాడు, ఇనుము మోశాడు. ఒక ఏడాది కాంట్రాక్టు మారింది, గేటుపాసు మళ్ళీ రాలేదు. అంతే. ఎవరూ ఏమీ అనలేదు, అతనూ ఏమీ అడగలేదు. ఇప్పటి యజమాని నాగేంద్రబాబు తండ్రి ఆ రోజుల్లో బాజాభజంత్రీల బ్యాండు నడిపేవాడు. పెళ్ళికొడుకుని ఎక్కించుకోడానికి ఒక గుర్రాన్ని కొన్నాడు, చూసుకోడానికి మనిషి కావాల్సి వచ్చాడు. గుర్రమంటే కొరుకుతుందా తంతుందా అన్నది కూడా తెలియకుండానే ముసలయ్య సరేనన్నాడు. రెండూ చేస్తుందని మొదటివారంలోనే తెలిసింది.

ఆ గుర్రం పోయింది, ఆ తండ్రీ పోయాడు. ఇప్పుడు కొడుకు నాగేంద్రబాబు, ఈ తెల్ల గుర్రం బిజ్లీ. పేరుకి మెరుపే గాని దీనంత నిదానం మనుషుల్లో కూడా ఉండదు. చెవి పక్కన డప్పు వాయించినా, కాళ్ళ మధ్య టపాకాయ పేలినా ఒకసారి కళ్ళార్పి ఊరుకుంటుంది. పద్నాలుగేళ్ళ వయసు వచ్చేసరికి కనీసం ఏడెనిమిది వందల మంది పెళ్ళికొడుకుల్ని మోసింది. వాళ్ళలో ఒక్కడైనా దిగాక దాని మెడ నిమిరింది ముసలయ్య చూడలేదు.

కిందటి ఫిబ్రవరిలో బిజ్లీ కుంటింది.

కద్మాలో పెళ్ళి. ఊరేగింపు మొదలవబోతోంది. పెళ్ళికొడుకు మేనత్త ఒకావిడ గుర్రం కాళ్ళవైపే చూస్తోంది. ఇక్కడి పెళ్ళిళ్ళలో ఇదో పద్ధతి. గుర్రం తెల్లగా ఉందా, జీను కొత్తదా అని మగవాళ్ళు చూస్తారు, కాళ్ళు మాత్రం ఆడవాళ్ళు చూస్తారు. కుంటి గుర్రం ఎక్కి వెళ్ళినవాడి కాపురం కూడా అలాగే నడుస్తుందని భయం. "లంగ్‌డా రహీ హై" అంది ఆవిడ. అంతే, పెళ్ళికొడుకుని కారెక్కించారు. షెడ్డుకి వచ్చాక నాగేంద్రబాబు అన్నాడు.

"మావా, ఎల్లుండి సాకచీలో బుకింగుంది. కుంటకూడదు. ఏటి సేత్తావో నాకు తెల్దు."

ముసలయ్యకి తెలిసింది ఒక్కటే. తన మోకాళ్ళకి ఏది చేస్తాడో అది.

బిర్సానగర్ బజారులో ఒక మందుల దుకాణం ఉంది. చీటీ అక్కర్లేదు. మోకాలు చూపిస్తే చాలు, షాపువాడు చిన్న తెల్ల గోలీల పట్టీని కత్తెరతో కత్తిరించి ఇస్తాడు. ఆ బస్తీలో బరువులు మోసే కాంట్రాక్టు మనుషుల్లో సగంమందికి ఆ గోలీ తెలుసు. వేసుకున్న పూటే మోకాలికి పదహారేళ్ళు వచ్చేస్తాయి. ముసలయ్య రెండేళ్ళుగా రోజుకి రెండు, టీతో. దాన్ని మందు అని ఆ బస్తీలో ఎవరూ ఎప్పుడూ అనలేదు. ఒకరికి ఖైనీ అలవాటు, ఒకరికి ఈ గోలీ. ఈ రెండేళ్ళలో అతని మొహం గుండ్రంగా ఉబ్బింది. చేతుల మీద చర్మం పల్చబడి, ఎక్కడ తగిలినా నల్లగా కమిలేది. ఇరుగుపొరుగు ఒళ్ళు చేశాడన్నారు. పెళ్ళాం నూకాలమ్మ మాత్రం ఒప్పుకోలేదు.

"తినీది ఆ గంజన్నమే. ముకం మాత్రం కాంట్రాక్టరు ముకం లాగైపోనాది. నాకు తెలీకుండా ఎక్కడేటి మేత్తన్నావు?" అనేది.

గుర్రానికి ఎన్ని వెయ్యాలి? ముసలయ్య ఖలాసీ లెక్క వేశాడు. తను అరవై కిలోలు, ఇది ఐదింతలుంటుంది. పైగా తనకి రెండు కాళ్ళు, దీనికి నాలుగు. ఇరవై వేద్దామనుకున్నాడు. గోలీల్ని నలిపి బెల్లం ముద్దలో పెట్టి సాయంత్రం దాణాతో ఇచ్చాడు. సాకచీ పెళ్ళిలో బిజ్లీ పెళ్ళికూతురికంటే నెమ్మదిగా, తిన్నగా నడిచింది.

"మావా! ఏటి మంత్రమేసినావు?" అన్నాడు నాగేంద్రబాబు.

"మంత్రమేటి బాబూ, సాకిరీ" అన్నాడు ముసలయ్య.

ఆ తర్వాత మానెయ్యడానికి వీల్లేకపోయింది. ఒక్క సాయంత్రం బెల్లం లేకపోతే మర్నాడు అడుగు తీసి అడుగు వెయ్యదు. జూన్‌లో పెళ్ళిళ్ళు అయిపోయాయి, వానలు వచ్చాయి, దసరా కూడా వెళ్ళింది. తను రెండు, అది ఇరవై. ఇద్దరికీ అలా జరిగిపోతోంది. కాని దసరా ముందునుంచీ గోలీలు వేసినా గిట్టలు వేడెక్కడం మొదలైంది. చెయ్యి పెడితే టీ గ్లాసు పట్టుకున్నట్టుండేది.

అలాంటప్పుడు వచ్చింది డాక్టర్ లోయిస్. కద్మా పిల్ల. వాళ్ళమ్మ జ్ఞానరత్నం తెలుగు బడిలో టీచరు, ముసలయ్య కూతురు ప్రియకి అక్షరాలు దిద్దించింది కూడా ఆవిడే. లోయిస్ రాంచీలో పశువైద్యం చదివి, ఇప్పుడు గుర్రాల మీద పరిశోధన చేస్తోంది. ఊళ్ళో, చుట్టుపక్కల నలభై గుర్రాల్ని ఎంచుకుంది. కడుపునొప్పితో పొర్లేవి, జ్వరంతో నీరసించినవి, గిట్టలు పాడైనవి, జీను పుండ్లు పడ్డవి, ఏ జబ్బూ లేనివి. వారానికోసారి పొద్దున్న ఎనిమిదింటికి మెడనుంచి రక్తం తీస్తుంది. గుర్రానికి డాక్టరు ఊరికే వస్తానంటే నాగేంద్రబాబు కాదంటాడా?

"ఇంత రగతం తీసి ఏటి సూత్తావు తల్లీ?" అని మొదటిరోజే అడిగాడు ముసలయ్య.

"కష్టం ఎంతుందో చూస్తా అంకుల్. కార్టిసాల్ అని ఒకటుంటుంది. ఒంటికి నొప్పొచ్చినా, భయమేసినా మూత్రపిండాల పక్కనున్న చిన్న గ్రంథి దాన్ని రక్తంలోకి వదుల్తుంది. ఏ జబ్బుకి ఎంత పెరుగుతోందో లెక్క తీస్తున్నా. అందుకే ముందు ముట్టుకోవద్దనేది. మీరు ఒక్క అరుపు అరిచినా పెరిగిపోద్ది."

"అంటే గుర్రం ఏడుపు కొలుత్తావన్నమాట."

"అలాగే అనుకోండి."

"మడుసులకీ ఉంటాదా అది?"

"ఎందుకుండదు? మా గైడ్ సార్ ఫోన్ చేస్తే నాకు మూడింతలవుద్ది" అని నవ్వింది. సూది తీసి దూది అద్దింది. "మందులేమైనా పెడుతున్నారా దీనికి?"

"మందా? ఏటీ లేదమ్మా. గడ్డి, సెనగలు, బెల్లం."

అబద్ధమాడుతున్నానని అతను అనుకోలేదు. మందంటే డాక్టరు రాసేది. బెల్లంలో పెట్టేది మందెలా అవుతుంది?

మూడోవారం, బుధవారంనాడు, లోయిస్ రక్తం తియ్యలేదు. నాగేంద్రబాబుని కూడా రమ్మని, షెడ్డు ముందు నిలబడి ఫోన్లో అంకెలు చూపించింది.

"ఏ జబ్బూ లేని గుర్రాలకి యాభై దాకా వచ్చింది. జ్వరమున్నవాటికి తొంభై. గిట్టల జబ్బుతో ఉన్న ఒక బండి గుర్రానికి నూట ఇరవై. మానగోలో కడుపునొప్పితో పొర్లిన గుర్రానికి రెండొందల పన్నెండు. బిజ్లీకి నాలుగు."

"నాలుగొందలా?" అన్నాడు నాగేంద్రబాబు.

"నాలుగు. తప్పు వచ్చిందేమోనని మళ్ళీ చూశాను. మూడొచ్చింది."

"తక్కువుంటే మంచిదే కదా మేడమ్? టెన్షన్ నహీ హై."

"నొప్పితో నిలబడలేని గుర్రానికి నాలుగు రాకూడదు సార్. ఆ గ్రంథి పని మానేసింది. జబ్బుతో అదే చచ్చిపోయుంటే నేను చెయ్యగలిగిందేమీ లేదు, రోజురోజుకీ దిగజారుతుంది." ఆమె గొంతు తగ్గించింది. "ఇంకో కారణం కూడా ఉండొచ్చు. బయటినుంచి ఎవరైనా స్టెరాయిడ్ ఇస్తుంటే, ఒళ్ళు తన సొంత కార్టిసాల్ తయారుచెయ్యడం మానేస్తుంది. అలాగైతే దారుంది. అంకుల్, నిజంగా ఏమీ ఇవ్వట్లేదా?"

ముసలయ్య ఆమెవైపు చూడలేదు. నాగేంద్రబాబు చేతిలోని బండి తాళాలవైపు చూశాడు.

"లేదమ్మా."

ఈసారి అబద్ధమని అతనికి తెలుసు.

"అయితే ఇంకేటుంది" అన్నాడు నాగేంద్రబాబు. "ఇటుక బట్టీలకి గుర్రాలు తోలీవోడు ఒకడున్నాడు. శనివారం పదింటికి బండి తెమ్మంటాను. నవంబరులో బుకింగులున్నాయి, నాకు ఇంకోటి కావాలి. నన్ను తప్పు పట్టకండి మేడమ్, నడవని గుర్రాన్ని పెట్టుకుని నానేటి సేసేది?"

"శనివారం పొద్దున్న ఒక్కసారి రక్తం తీసుకోనివ్వండి. ఆ తర్వాత మీ ఇష్టం" అంది లోయిస్.

ఆ సాయంత్రం ముసలయ్య ఇంటికి వెళ్ళి, గోలీల పట్టీ ప్రియ ముందు పెట్టాడు. ప్రియ బజారులో మొబైల్ షాపులో పనిచేస్తుంది. తండ్రి తెలుగులో అడిగితే హిందీలోనే జవాబిస్తుంది.

"దీని మీద ఏటి రాసుందో సదువమ్మా."

ఆమె ఫోన్లో వెతికింది. మొహం మారింది. "నాన్నా, యే తో స్టెరాయిడ్ హై. కౌన్ దియా ఆప్కో?"

"అదే. ఇంకేటి సెప్పకు" అన్నాడు. నూకాలమ్మ పొయ్యి దగ్గర్నుంచి తొంగి చూసి, "నాన్సెప్పినానా, ఏదో మేత్తన్నాడని!" అంది. ఎవరూ నవ్వలేదు.

ఆ రాత్రి బెల్లంలో గోలీలు లేవు. ముసలయ్య ఆలోచన తేలిక. మానేస్తే శనివారం నాటికి రక్తంలో మంచి అంకె వస్తుంది, తన తప్పు బయటపడదు, గుర్రం బండి ఎక్కదు. దాని నోటికాడిది తీసేసి తను మింగడం సిగ్గనిపించి, తన రెండూ కూడా మానేశాడు. చెప్పకుండా గట్టెక్కే దారి ఇదొక్కటే కనబడింది.

గురువారం ఒళ్ళు నలిగినట్టుంది. శుక్రవారం పొద్దున్న లేస్తే కళ్ళు తిరిగాయి. టీ తాగితే కక్కుకున్నాడు. ఒంట్లో ఎముకలన్నీ ఎవరో విప్పి మళ్ళీ తప్పుగా బిగించినట్టుంది. నూకాలమ్మ ఆసుపత్రికి పదమంది. "గుర్రానికి నీల్లెవరెడతారు?" అని సైకిలు తోసుకుంటూ సిద్ధగోరా వెళ్ళాడు, ఎక్కి తొక్కే ఓపిక లేక. బిజ్లీ గడ్డి ముట్టుకోలేదు. తల గచ్చుకి ఆనేంత కిందికి వేలాడదీసింది. అతను దాని పక్కనే గోడకి జారబడ్డాడు. ఇద్దరిలో ఎవరు ఎవరికి నీళ్ళు పెట్టాలో తెలియలేదు.

శనివారం ఏడున్నరకి బిజ్లీ పడుకుని ఉంది. లేవలేదు. నాగేంద్రబాబు వచ్చి తాడు పట్టుకు లాగాడు, అరిచాడు, చివరికి నడుం మీద చేతులు పెట్టుకు నిలబడ్డాడు. లోయిస్ వస్తూనే సంచి కింద పడేసి మోకాళ్ళ మీద కూర్చుంది. చిగుళ్ళు చూసింది, గుండె విన్నది.

"బుధవారం నిలబడిన గుర్రం. మూడ్రోజుల్లో ఏమైంది దీనికి?"

"ఏటవుతాది మేడమ్, మీరే సెప్పినారు కదా, దిగజారతాదని" అన్నాడు నాగేంద్రబాబు. "బండి వచ్చేత్తాది. ఎత్తి పడేద్దారి."

ముసలయ్య బకెట్టు మీంచి లేవబోయాడు. లేవలేకపోయాడు. స్తంభం పట్టుకున్నాడు. గచ్చు మీదున్న గుర్రం కన్ను అతనికి కనిపిస్తోంది. దాని ఒంట్లో ఇప్పుడెలా ఉందో ఈ లోకంలో ఏ డాక్టరుకీ తెలీదు, తనకి తెలుసు. తన ఒంట్లో కూడా అదే ఉంది. దీన్నే తీరని జబ్బనుకుని గుర్రాన్ని బండెక్కిస్తున్నారు, తను చూస్తూ కూర్చున్నాడు.

"గోలీలు మానేసినాను తల్లీ" అన్నాడు. "దానికీ, నాకూ."

జేబులోంచి పట్టీ తీసి చాచాడు. లోయిస్ తీసుకుని చదివింది. తలెత్తి అతని మొహంలోకి చూసింది. మూడు వారాలుగా గుర్రం మొహమే తప్ప ఆ మొహం చూడలేదు. గుండ్రటి బుగ్గలు, కమిలిన చేతులు.

"ఎన్ని?"

"నాకు రెండు. దానికి ఇరవై. ఎనిమిది నెలలైనాది."

"నా గుర్రాన్ని నువ్వే సంపేసినావు కదా మావా!" నాగేంద్రబాబు గొంతు షెడ్డు రేకులకి తగిలింది. "మా నాన్న నిన్ను తెచ్చి పెట్టుకున్నాడు. ఎనిమిది నెలలు విసం పెట్టినావు!"

"పెట్టినాను బాబూ. కుంటకూడదన్నావు. కుంటకుండా సేసినాను. మంత్రమేటని అడిగినావు గాని గోలీ ఏటని అడగలేదు."

 ముసలయ్యకి గెలిచినట్టు అనిపించలేదు. ఒళ్ళంతా బరువు. కూర్చుంటే చాలు అనిపించింది, కూర్చున్నాడు.

లోయిస్ అప్పటికే సూది సిద్ధం చేస్తోంది. చేతులు పనిలో ఉన్నాయి, నోరు తిడుతోంది. మొదటిరోజే అడిగాను కదా అంది. ఈ గోలీయే గిట్టల్ని ఇంకా పాడుచేసి ఉంటుందంది. అంత అలవాటైన ఒంటికి ఒక్కసారి ఆపేస్తే ప్రాణం పోతుందంది, మనిషిదైనా సరే. "మళ్ళీ ఇవ్వాలి. ఇచ్చి, వారం వారం కొంచెం కొంచెం తగ్గించాలి. గ్రంథి చావలేదు అంకుల్, నిద్రపోయింది. లేవచ్చు, ఆర్నెల్లు పట్టచ్చు. పెళ్ళిళ్ళకి మాత్రం ఇక వెళ్ళదు. మీరిప్పుడే ఆసుపత్రికి పోయి ఇదే మాట చెప్పండి, దాచకుండా." సూది తీసి, తనలో తను అనుకున్నట్టు, "నా నలభైలో ఒకటి పోయింది" అంది. గోలీలు తిన్న గుర్రం ఆమె లెక్కకి పనికిరాదు.

పదింటికి బండి వచ్చింది. గుర్రాలవాడు దిగి, పడుకున్నదాన్ని ఒకసారి చూసి, బీడీ పారేసి, లేవలేనిదాన్ని నేనేం చేసుకోను అని వెళ్ళిపోయాడు. నాగేంద్రబాబు గేటు వేసి వచ్చి, ముసలయ్య మొహం చూడకుండా చెప్పాడు.

"దీన్ని నువ్వే ఉంచుకో. సంక్రాంతి దాకా ఈ షెడ్డులో ఉండనీ. కొత్త గుర్రాన్ని వేరే చోట పెడతాను. దాని దరికి నువ్వు రాకు మావా."

ఇరవై రెండేళ్ళ పని అలా అయిపోయింది. గేటుపాసు పోయిన రోజులాగే, ముసలయ్య ఏమీ అడగలేదు.

ఆ సూదిమందుతో బిజ్లీ మర్నాటికి లేచి నిలబడింది, ముసలయ్య ఆసుపత్రిలో గోలీల లెక్క రాయించుకొచ్చాడు. ఆ తర్వాత పనంతా ఇసక మోయడమే. గచ్చు మీద నిలబడితే గిట్టలు ఓర్చుకోవు, జానెడు మెత్తటి ఇసక ఉండాలంది లోయిస్. సువర్ణరేఖ ఒడ్డు ఎంతో దూరం కాదు. కాని మోకాళ్ళకి గోలీ తగ్గుతున్న కొద్దీ అదే రెట్టింపు దూరమైంది. సైకిలుకి సంచి వేలాడేసి, ఎక్కకుండా తోస్తూ, దారిలో రెండుచోట్ల ఆగి, రోజుకి మూడు సంచులు తెచ్చేవాడు. అలా పదహారు రోజులకి షెడ్డు సగం నిండింది. ప్రియ ఒకరోజు వచ్చి రేకు మీద సుద్దముక్కతో రెండు వరసలు గీసింది. ఒకటి నాన్నది, ఒకటి గుర్రానిది. ఏ వారం ఎన్ని గోలీలో అంకెలు పైనుంచి కిందికి తగ్గుతూ పోతాయి. వరసల మీద పేర్లు మాత్రం రాయలేదు. ఏది ఎవరిదో అంకె చూస్తే తెలుస్తుంది. "కౌన్ ఘోడా హై, పతా చల్ జాయేగా" అని నవ్వింది. నూకాలమ్మ రోజూ మధ్యాహ్నం అన్నం తెచ్చేది. మొహం కొంచెం తగ్గిందని చెప్పేది. "మల్లీ ఖలాసీ ముకం వచ్చేత్తంది. నాకదే బాగుంది" అనేది.

జనవరి మొదటివారంలో, లెక్కలోంచి పోయిన గుర్రమే అయినా, లోయిస్ పొద్దున్నే వచ్చి రక్తం తీసుకెళ్ళింది. నాలుగురోజుల తర్వాత మళ్ళీ రక్తం తియ్యడానికని వచ్చింది. ఆ పొద్దున్న ఆమె వచ్చేదాకా ముసలయ్య బయట బకెట్టు మీద, ముట్టుకోకుండా, తిట్టకుండా కూర్చునే ఉన్నాడు.

"కిందటిసారిది వచ్చింది అంకుల్. పదకొండు."

"యాభై కదా ఉండాల?"

"ఉండాలి. మూడునించి పదకొండయింది."

"అంటే ఏడుపొత్తందన్నమాట."

"కొంచెం" అంది ఆమె. సూది గుచ్చి, తీసి, సీసా ఐసు పెట్టెలో పెట్టుకుని, స్కూటీ ఎక్కి వెళ్ళిపోయింది.

షెడ్డు ఖాళీ చెయ్యడానికి వారంరోజులుంది. బిర్సానగర్‌లో ఇంటి వెనక రేకులు కట్టాలి, అక్కడ మళ్ళీ ఇసక వెయ్యాలి. బిజ్లీ ఇసకలో నిలబడి ఒక ముందుకాలు ఎత్తి, దించి, రెండోది ఎత్తింది. నొప్పి ఉందన్నమాట. అతనికీ ఉంది. గోలీ లేని మోకాలు ఎలా ఉంటుందో రెండేళ్ళలో మరిచిపోయాడు, ఇప్పుడు పూటపూటకీ గుర్తొస్తోంది.

రక్తం తియ్యడం అయిపోయింది కాబట్టి ఇక తిట్టుకోవచ్చు. ముసలయ్య నోరు తెరిచాడు. ఏ తిట్టుకీ ఓపిక రాలేదు. ఖాళీ సంచి దులిపి సైకిలుకి తగిలించుకుని, ఏటివైపు తోసుకుంటూ పోయాడు.